70 వేలలో సెకండ్‌హ్యాండ్ సెయిల్ బోటు, వరంగల్ దిక్కు అయ్యే పనేనా?

వడ్డేపల్లి_గాలి
హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లు ఆదివారాలు హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడు హన్మకొండకు ట్రాన్స్‌ఫర్. చుట్టూ ఇన్ని చెరువులున్నా ఒక్కదాంట్లో తెరచాప కనిపించదు. సొంతంగా చిన్న పడవ కొనుక్కుందామని కొన్నాళ్లుగా వెతుకుతున్నా, ఎక్కడ చూసినా రెండు రకాలే. ఒకటి ముంబై, గోవా యాట్లు, వాటి ధర చదివితేనే కళ్లు తిరుగుతాయి. రెండోది ఒక మసక ఫొటో, కింద "మంచి కండిషన్, టైంపాస్ వాళ్లు ఫోన్ చేయొద్దు" అని ఒక లైను. ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తినా అది ఏ క్లాసు పడవో వాళ్లకే తెలియదు.

నా బడ్జెట్ 70 వేలు. పడవ, రవాణా, రిపేరు, లైఫ్ జాకెట్లు అన్నీ అందులోనే. ఇంట్లో కుదిరిన ఒప్పందం అది, దాటితే నా పడక కూడా పడవలోనే. రేసులు నాకు అక్కర్లేదు. శని, ఆదివారాల్లో నేను, అప్పుడప్పుడు మా పదేళ్ల పాప, అంతే.

ప్రస్తుతం చేతిలో రెండున్నాయి. చెన్నై దిక్కు 22 అడుగుల క్యాబిన్ బోటు, లక్షా 10 వేలు అంటున్నాడు, బేరం ఆడొచ్చట. ఇంకోటి సికింద్రాబాద్‌లో చెక్క ఎంటర్‌ప్రైజ్ (ఇద్దరు నడిపే చిన్న తెరచాప పడవ), 25 వేలు, ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉందట. ఏది చూడాలి? రెండూ వదిలేయాలా?

ఎనుమాముల_కాంటా
అన్నా, వరంగల్‌లో మాకు ఆటుపోట్లు తెలిసేది మిర్చి రేటులోనే.

సాఫ్ట్_సముద్రం
22 అడుగులది తీసుకో భాయ్, ఇంకో ఆలోచన వద్దు. క్యాబిన్ ఉంటే అందులో పడుకోవచ్చు, వండుకోవచ్చు. లక్నవరం మధ్యలో రాత్రంతా ఊహించుకో. అభిలాష్ టామీ 2013లో ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమి చుట్టి వచ్చాడు, నువ్వు చెరువు చుట్టి రాలేవా?

మానేరు_ఒడ్డు
పైన సలహా ఇచ్చిన తమ్ముడు పడవ ఎప్పుడైనా ఎత్తి చూశాడో లేదో. 22 అడుగుల క్యాబిన్ బోటు అంటే టన్నుకు అటూ ఇటూ ఉంటుంది, కింద బరువైన కీల్ (అడుగున దిగి ఉండే పలక). చెన్నైలో క్రేన్ పెట్టి లారీ ఎక్కించాలి, ఇక్కడ మళ్లీ క్రేన్ పెట్టి దించాలి. ఎక్కడ దించుతావు? మన చెరువులకు ర్యాంపు ఉండదు, జెట్టీ ఉండదు, టూరిజం వాళ్ల జెట్టీలో నీ పడవ కట్టనివ్వరు. రాత్రి ఎవరు కాపలా ఉంటారు? ఎండాకాలం నీళ్లు దిగితే కీల్ బురదలో కూరుకుపోతుంది. సన్యాసి గోచీ కథ తెలుసు కదా, ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లి, పిల్లికి పాల కోసం ఆవు, చివరికి సంసారం. క్యాబిన్ బోటు సరిగ్గా అదే.

నేను కరీంనగర్‌లో ఉంటాను, లోయర్ మానేరులో నా పాత లేజర్ పడవ నడుపుతాను. లెక్క ఒక్కటే. ఇద్దరు మనుషులు చేత్తో ఎత్తగలిగి, టాటా ఏస్‌లోనో కారు మీదనో పట్టి, సాయంత్రం ఇంటికో తెలిసినవాళ్ల తోటకో తిరిగి తెచ్చుకోగలిగిందే మనకు పడవ. మిగతావన్నీ ఫొటోలు చూసుకోవడానికే. ఈ లెక్కతో చూస్తే అమ్మకానికి ఉన్నవాటిలో ముప్పావు వంతు వాటంతటవే పోతాయి, నీ టెన్షన్ కూడా సగం పోతుంది.

సాఫ్ట్_సముద్రం
కల కూడా కననివ్వరా.

మానేరు_ఒడ్డు
కను తమ్మీ, క్రేన్ బిల్లు మాత్రం నాకు పంపకు.

మాజీ_నేవీ_హన్మకొండ
క్యాబిన్ బోటు మీద మానేరు గారితో నాది ఒకే మాట. కానీ ఆయన తర్వాత లేజర్ కొనమంటారు చూడండి, అక్కడే నాకు పేచీ. మీరు పాపను తీసుకెళ్తానంటున్నారు. లేజర్ ఒక్కరి పడవ. ఇద్దరు కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి, ప్రతి మలుపుకూ బూమ్ (తెరచాప కింది అడ్డకర్ర) తల మీదుగా పోతుంది.

ఎంటర్‌ప్రైజ్ అలా కాదు. 1956లో జాక్ హోల్ట్ గీసిన డిజైన్, 13 అడుగుల 3 అంగుళాలు, ఒట్టి బాడీ 90 కిలోలకు అటూ ఇటూ, ఇద్దరి కోసమే చేసింది. మన దేశంలో నేవల్ ఎన్‌సీసీ పిల్లలు ఏళ్లుగా దీని మీదే నేర్చుకుంటున్నారు కాబట్టి దేని మీద ఏ స్క్రూ ఉంటుందో చెప్పగలిగేవాళ్లు దొరుకుతారు. పాత నీలం తెరచాప కనిపిస్తే కంగారు పడొద్దు, ఆ క్లాసు ఆనవాయితీ నీలమే.

ఇక 25 వేల పడవ సంగతి. షెడ్డులో ఉందంటే మంచిదీ కావచ్చు, ఘోరమూ కావచ్చు. షెడ్డు పైకప్పు కారుతుందా అన్నది మొదటి ప్రశ్న. చెక్క పడవను ఉప్పునీళ్లకంటే వాననీళ్లే ఎక్కువ చెడగొడతాయి. చిన్న స్క్రూడ్రైవర్ తీసుకెళ్లి అమ్మేవాడి అనుమతితో నాలుగు చోట్ల మెల్లగా గుచ్చండి. వెనక పలక కింది మూలలు, మాస్టు (తెరచాప స్తంభం) నిలబడే చోటు, సెంటర్‌బోర్డు (నీళ్లలోకి దించే పలక) పెట్టె అడుగున, ముందు డెక్కు కింద ముక్కులో. గట్టిగా టకటకమంటే చెక్క బతికే ఉంది. మొన మెత్తగా దిగితే మర్యాదగా టీ తాగి వచ్చేయండి.

మానేరు_ఒడ్డు
పేచీ ఏం లేదు సార్, మీరన్నట్టే లేజర్ చెబుతాను. పాప అప్పుడప్పుడే కదా వచ్చేది, మిగతా రోజుల్లో ఎంటర్‌ప్రైజ్ నడపాలంటే రెండో మనిషి కావాలి. హన్మకొండలో ఆదివారం పొద్దున ఐదింటికి లేచి వచ్చే రెండో మనిషిని చూపించండి, నేను ఎంటర్‌ప్రైజ్‌కే ఓటేస్తా. లేజర్ 59 కిలోలు, మాస్టు రెండు ముక్కలుగా విడిపోతుంది, చెక్క కాదు కాబట్టి చెదల భయం లేదు. 2019 నుంచి దాని అసలు పేరు ఐఎల్‌సీఏ, పాత ప్రకటనల్లో మాత్రం లేజర్ అనే ఉంటుంది, రెండు పేర్లతోనూ వెతుకు. రేసులు ఆడేవాళ్లు గట్టి పడవ కోసం పాతది వదిలించుకుంటారు, మనకు అదే చాలు.

చూసేటప్పుడు డెక్కు మీద బొటనవేలుతో నొక్కుకుంటూ పో. ఎక్కడైనా లోపలికి దిగి మళ్లీ లేస్తుంటే లోపల పొరలు ఊడాయన్నట్టు. మాస్టు దూరే గొట్టంలో నిండా నీళ్లు పోసి గంట ఆగు, మట్టం దిగితే అక్కడ పగులుంది. గాలి ఉధృతంగా ఉన్న రోజు మాస్టు డెక్కును చీల్చుకుని బయటికి వచ్చేది అక్కడి నుంచే. ఆఖరున బిరడా రంధ్రం దగ్గర నోటితో మెల్లగా ఊదుతూ అతుకుల మీద సబ్బునీళ్లు రాయి, పంక్చర్ షాపులో ట్యూబును చూసినట్టు. బుడగలొస్తే లీకు. కంప్రెసర్ మాత్రం పెట్టొద్దు, అతుకులే విడిపోతాయి.

బరువు తూచడం మర్చిపోవద్దు. 59 ఉండాల్సింది 70 చూపిస్తే లోపలి ఫోమ్ నీళ్లు తాగింది.

ఎనుమాముల_కాంటా
తూకానికి మా దగ్గరికి తీసుకురా అన్నా. పత్తి తూచే కాంటా ఖాళీగానే ఉంది ఇప్పుడు. తేమ శాతం కూడా చూసి చెప్తాం, తేమ ఎక్కువుంటే రేటు కోత.

మానేరు_ఒడ్డు
నవ్వకండి, నిజంగానే అది మంచి ఐడియా.

చెరువుకట్ట
ఇంతమంది ఇంత రాశారు, చెరువు ఎవరిదని ఒక్కరూ అడగలేదు. మేం చేపలు పట్టేవాళ్లం. ఊరి చెరువు మా మత్స్య సహకార సంఘానికి లీజుకుంటుంది, దానికి మేం డబ్బు కడతాం. సాయంత్రం వల వేసి తెల్లారి తీస్తాం. మీరు ఐదింటికి లేచి పడవ దించుతామంటున్నారు, సరిగ్గా మా వలలు నీళ్లలో ఉండే టైము అది. మీ పడవ కింద పలక ఉంటుంది కదా, అది వలలో పడితే మీకు ఆట ఆగుతుంది, మాకు వల పోతుంది. ఆ వల ఎంతో మీకు తెలుసా? ఒకసారి సిటీ నుంచి ఎవరో ప్లాస్టిక్ పడవలు తెచ్చి మా వల మీదుగానే పోయారు, అడిగితే చెరువు గవర్నమెంటుది అన్నారు.

రావద్దని అనడం లేదు. ముందు వచ్చి సంఘం అధ్యక్షుడితో మాట్లాడండి. ఏ దిక్కు వలలున్నయో మేమే చూపిస్తాం. నీళ్ల మీద థర్మాకోల్ ముక్కో ఖాళీ నీళ్ల సీసానో తేలుతుంటే కింద వల ఉన్నట్టే, దూరంగా పోవాలి. చేపపిల్లలు వదిలిన కొత్తలో చెరువులోకి రాకపోతే ఇంకా మంచిది.

పాకాల_పక్షులు
చెరువుకట్ట గారు చెప్పింది అందరూ రెండోసారి చదవండి. నా వంతుగా ఇంకోటి. పాకాల, కిన్నెరసాని రెండూ అభయారణ్యాల్లో ఉన్నాయి, అక్కడ అటవీ శాఖ మాటే మాట. సొంత పడవ అంటే మొదటి గేటు దగ్గరే ఆపుతారు, ఆపాలి కూడా. గణపతిదేవుడి కాలంలో 1213 ప్రాంతంలో కట్టిన చెరువు పాకాల, పక్షులు ప్రశాంతంగా ఉండే చోట్లు అలాంటివి కొన్నే మిగిలాయి. పైగా కిన్నెరసానిలో మొసళ్లున్నాయి.

వడ్డేపల్లి, ధర్మసాగర్, భద్రకాళి నగరానికి తాగునీళ్ల చెరువులు. యూజర్ పేరు చూస్తుంటే ఇంటి ముందరి చెరువు మీదే కన్ను ఉన్నట్టుంది, అది మర్చిపోండి.

ఎనుమాముల_కాంటా
ముందుంది ముసళ్ల పండగ అంటే ఏమో అనుకున్నా, నిజం మొసళ్లేనా!

వడ్డేపల్లి_గాలి
ఇంటి ముందరి చెరువు ఎప్పుడో మర్చిపోయాను, పేరు పెట్టుకున్నది గాలి కోసమే. చెరువుకట్ట అన్నా, మీరు చెప్పింది నేను అసలు లెక్కలోకి తీసుకోలేదు, వచ్చి కలుస్తాను. నా మనసులో ఉన్నది లోయర్ మానేరు లేదా శ్రీరాంసాగర్, విశాలంగా ఉంటాయి కాబట్టి. ఇంజిను లేని పడవకు లైసెన్సు, రిజిస్ట్రేషన్ లాంటివి ఏమైనా కావాలా? 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో అంత ఘోరం జరిగాక పడవ అనగానే ఆఫీసుల్లో మొహం మారిపోతోంది.

మాజీ_నేవీ_హన్మకొండ
మారాలి కూడా. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో ఇన్‌ల్యాండ్ వెసెల్స్ యాక్ట్ కొత్తది వచ్చింది. సర్వే, రిజిస్ట్రేషన్, బీమా వంటి గట్టి నిబంధనలన్నీ ప్రధానంగా ఇంజిను పడవలకు. ఇంజిను లేనివాటి నమోదు సంగతి స్థానిక సంస్థల స్థాయికి వదిలారు. అంటే మీకు అడ్డు వచ్చేది పడవ కాగితం కాదు, నీళ్ల అనుమతి. రిజర్వాయర్ నీటిపారుదల శాఖది, ఆ ఇంజినీరుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టుకోండి. ఇంజిను లేదు, ప్రయాణికులను ఎక్కించను, డబ్బు తీసుకోను, లైఫ్ జాకెట్లు ఉన్నాయి, తూముల దగ్గరికి, గేట్ల దగ్గరికి రాను అని స్పష్టంగా రాయండి. ఈ కాగితం చేతికి రాకముందు పడవకు అడ్వాన్సు కట్టకండి.

రామప్ప_రంపం
ఎందుకింత తిప్పలు, చేసుకోవచ్చు కదా. నేను వడ్రంగిని. పడల్ డక్ అనే పడవ ఉంది, ప్లాను ఉచితంగా దొరుకుతుంది. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, చూడ్డానికి పెట్టె లాగే ఉంటుంది. 8 బై 4 ప్లైవుడ్ షీట్లు మూడో నాలుగో చాలు. తెరచాప నీలం టార్పాలిన్‌తో కూడా కుట్టుకుంటారు. మా పిల్లగాళ్లకు ఒకటి చేసిచ్చాను, ఊళ్లో ఇప్పటికీ దాన్ని దాణా తొట్టి అంటారు, తేలుతుంది మాత్రం భేషుగ్గా.

ప్లైవుడ్ విషయంలో మోసపోవద్దు. షాపులో ప్రతిదాని మీదా మెరైన్ అని ముద్ర ఉంటుంది. ఐఎస్ 710 అని ఐఎస్ఐ గుర్తుతో ఉన్నదే మెరైన్. ఐఎస్ 303 వేరే సంగతి, అది ఇంట్లో అల్మారాలకు. 710కి 72 గంటలు ఉడకబెట్టే పరీక్ష ఉంటుంది. నువ్వు అంత చేయక్కర్లేదు, చిన్న ముక్క అడిగి తెచ్చుకుని ఒక పూట నీళ్లలో ఉడికించు. పొరలు విచ్చుకుంటే ఆ షాపు గుమ్మం తొక్కకు.

మాజీ_నేవీ_హన్మకొండ
మూడు నాలుగు అడుగుల లోతున్న చిన్న కుంటకైతే సరే. లోయర్ మానేరు నడిమధ్యలో 8 అడుగుల పెట్టెలో ఓ పెద్దమనిషి, పదేళ్ల పాప కూర్చుంటే, గాలి లేస్తే? నేనైతే పంపను.

రామప్ప_రంపం
మధ్యలోకి ఎవరు పొమ్మన్నారు సార్. ఒడ్డు పట్టుకుని తిరగలేరా.

ఫైబర్_మట్టెవాడ
మాది ఫైబర్ పని, ట్యాంకులు, డోర్లు, డూములు చేస్తాం. చెక్క పడవైనా ఫైబర్ పడవైనా మా దగ్గరికి తెండి, మ్యాట్, రెసిన్ వేసి పైన జెల్‌కోట్ కొడితే ఇరవై ఏళ్లు చూసుకోనక్కర్లేదు. ఇంట్లో చేసుకునేవాళ్లకు ఒక్క మాట, ఇది సరదాకి చెప్పడం లేదు. రెసిన్లో ముందు కోబాల్ట్ వేసి బాగా కలపాలి, తర్వాతే క్యాటలిస్ట్. ఆ రెండింటినీ నేరుగా ఒకే కప్పులో పోస్తే భగ్గున మండుతుంది, పేలొచ్చు కూడా. యూట్యూబ్ చూసి మొదలుపెట్టేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. రెండు డబ్బాలు పక్కపక్కన కూడా పెట్టకండి.

రామప్ప_రంపం
జాగ్రత్త బాగా చెప్పావు, కానీ చెక్క మీద ఆ ట్యాంకు రెసిన్ వేయకు అన్నా. పాలిస్టర్ చెక్కను గట్టిగా పట్టుకోదు, ఒక వానాకాలం పోయేసరికి పొర లేచి కింద నీళ్లు చేరతాయి, బయటికి నున్నగా, లోపల కుళ్లు. చెక్కకు ఎపాక్సీ కావాలి. రేటెక్కువే, రాణిగంజ్‌లో దొరుకుతుంది, తక్కువ వాడితే సరిపోతుంది.

ఫైబర్_మట్టెవాడ
పాత చెక్క డోర్లకు వేశాం, ఇప్పటిదాకా ఒక్కటీ లేవలేదు.

రామప్ప_రంపం
డోరు చెరువులో నానదు కదా.

మంచిర్యాల_అమ్మ
పాప గురించి ఎవరూ సరిగ్గా రాయడం లేదు కాబట్టి నేను రాస్తున్నా. మా బాబు హైదరాబాద్ హాస్టల్లో ఉండి ఆప్టిమిస్ట్ నడుపుతాడు. అది 7 అడుగుల 9 అంగుళాల పడవ, 35 కిలోలు, 15 ఏళ్ల లోపు పిల్లలదే. పిల్లలు ఎదిగిపోతారు కాబట్టి తల్లిదండ్రులు వాటిని చేతులు మారుస్తూనే ఉంటారు, ప్రకటన ఇవ్వకముందే వాట్సాప్‌లో అమ్ముడుపోతాయి. మీరు నేర్చుకున్న చోట కోచ్‌లను అడగండి, ఓఎల్‌ఎక్స్ కంటే అదే దారి. పెద్ద పడవల సంగతి కూడా అంతే, జూలైలో హైదరాబాద్ సెయిలింగ్ వీక్ రేసులు అయిపోగానే అడిగితే ఎవరెవరు అమ్ముతున్నారో అక్కడే తెలిసిపోతుంది.

లైఫ్ జాకెట్ మాత్రం టూరిస్ట్ బోట్లలో ఇచ్చే ఆరెంజ్ సంచి లాంటిది కొనకండి. ఈత వచ్చిన పెద్దలకు 50 న్యూటన్ల (నీళ్లలో తేల్చే బలం) బాయెన్సీ ఎయిడ్ జాకెట్ చాలంటారు, పాప ఈత అంతంత మాత్రమే అయితే 100 న్యూటన్లది, మెడ వెనక కాలర్ ఉండి, కాళ్ల మధ్య నుంచి పట్టీ వచ్చేది చూడండి. పట్టీ లేకపోతే నీళ్లలో జాకెట్ పైకి, పిల్ల కిందికి. అసలు పాపకు ఇష్టమేనా? మీరు ఊహించుకుంటున్నారా?

వడ్డేపల్లి_గాలి
ఇష్టమే అక్కా, పేరు కూడా పెట్టేసింది పడవకు. పేరు చెబితే మీరు నవ్వుతారు, కార్టూన్ కుక్క పేరు.

సాఫ్ట్_సముద్రం
ఎంఎస్‌టీసీ వేలంలో గవర్నమెంటు పాత పడవలు వస్తుంటాయట కదా, అక్కడ ట్రై చేయొచ్చు కదా? గుజరాత్ అలంగ్‌లో షిప్పులు విరగ్గొట్టే చోట రోడ్డు పక్కన లైఫ్ బోట్లు కుప్పలుగా ఉంటాయని కూడా చదివాను.

మాజీ_నేవీ_హన్మకొండ
ఈసారి కొంచెం పనికొచ్చే మాట అన్నావు. అలంగ్ లైఫ్ బోటు వద్దు, అది తుఫానులో మనుషుల్ని బతికించడానికి చేసింది, గాలికి నడవడానికి కాదు, బరువు చూస్తే భయమేస్తుంది. తాళ్లు, లైట్లు లాంటి సామాను మాత్రం అక్కడ అగ్గువకు వస్తుంది.

ఎంఎస్‌టీసీ వేలంలో కండెమ్ చేసిన పడవలు అప్పుడప్పుడు వస్తాయి, నిజమే. ఎక్కడున్నది అక్కడే, ఎట్లున్నది అట్లే అన్న షరతు మీద అమ్ముతారు. ముందు డిపాజిట్, ధర మీద జీఎస్టీ, గడువులోగా ఎత్తుకుపోవాలి. పైగా ఒక్క పడవ కాదు, లాటు లాటుగా పెడతారు. బాడీ ఒక లాటులో, మాస్టు ఇంకో లాటులో అల్యూమినియం తుక్కు కింద పోయిన సందర్భాలు చూశాను. మాస్టు, తెరచాప, చుక్కాని లేని బాడీ అంటే ఇంజిను లేని స్కూటర్. కళ్లతో చూడకుండా బిడ్ వేయొద్దు.

మానేరు_ఒడ్డు
అందరూ పడవ దగ్గరే ఉన్నారు, గాలి దగ్గరికి రండి. మన దగ్గర మంచి గాలి మృగశిర కార్తె నుంచి శ్రావణం దాకా, పడమటి గాలి. అందుకే హైదరాబాద్ రేసులు జూలైలో పెడతారు. మన రిజర్వాయర్లకు అప్పుడే నీళ్లు తక్కువ. వరద వచ్చి నిండేది ఆగస్టు, సెప్టెంబర్లో, ఆ తర్వాత గాలి మెత్తబడుతుంది. గాలున్నప్పుడు నీళ్లుండవు, నీళ్లున్నప్పుడు గాలుండదు. చలికాలంలో తెరచాప వేలాడుతుంటే తెడ్డు వేసుకుంటూ వచ్చిన రోజులే ఎక్కువ. కాబట్టి ఒక జత తెడ్లు బడ్జెట్లో రాసుకో.

నీళ్లు తగ్గినప్పుడు ఇంకో తంటా. లోయర్ మానేరు కింద మునిగిన ఊళ్లున్నాయి. పాత గోడలు, చెట్ల మొద్దులు జానెడు లోతులో కనిపించకుండా ఉంటాయి. సెంటర్‌బోర్డు సగం ఎత్తుకుని నడుపు. ఇక ఏప్రిల్, మే సాయంత్రాలు ఈశాన్యంలోనో ఎక్కడో మబ్బు నల్లబడిందంటే ఒడ్డుకు వచ్చేయ్, ఆ గాలివాన పది నిమిషాలు చాలు.

చెరువుకట్ట
ఇది నిజం. ఆ గాలికి మేం కూడా తెప్ప ఒడ్డుకు లాక్కుంటాం.

మా నాటుపడవ ఒకటి అమ్మకానికుంది, దానికి తెరచాప కట్టుకుంటే పోదా?

మాజీ_నేవీ_హన్మకొండ
పోతుంది, గాలి ఎటు తీసుకెళ్తే అటు. అడుగు చదునుగా ఉంటుంది కదా, గాలికి ఎదురుగా వాలుగా తిరిగి రావాలంటే నీళ్లను పట్టుకునే పలక కావాలి. పక్కకు వేలాడే పలకలు బిగించుకోవచ్చు కానీ కొత్తవాళ్లు చేసే పని కాదు.

వడ్డేపల్లి_గాలి
సికింద్రాబాద్ వెళ్లి ఎంటర్‌ప్రైజ్ చూసి వచ్చాను. స్క్రూడ్రైవర్ తీసుకెళ్లాను. మాజీ నేవీ సార్ చెప్పిన వరుసలోనే చూశా. వెనక పలక మూలలు గట్టిగానే ఉన్నాయి. మాస్టు కింద చోటు బాగుంది. సెంటర్‌బోర్డు పెట్టె అడుగున మాత్రం ఒక పక్క చెయ్యంత పొడవున పగులు, గోరు దూరుతుంది, దాని చుట్టూ చెక్క నల్లబడింది, కానీ మొన దిగలేదు. ముక్కులో, డెక్కు కింద మొబైల్ లైటు వేసి చూస్తే ఎలుకల గూడు, వాళ్ల పాత రసీదుల ముక్కలతో కట్టింది. గూడు తీసేసి గుచ్చితే ఒక చోట అరచేతి మేర మెత్తగా ఉంది.

మాస్టు అల్యూమినియం, వంపు లేదు. దాన్ని నిలబెట్టే వైర్లలో ఒకదానికి తీగలు రెండు తెగి ముళ్లలా లేచాయి, గుడ్డతో తుడుస్తుంటే పట్టుకుంది. తెరచాపలు నీలమే, ఒకదానికి బద్దె దూరే జేబు చినిగింది, బట్ట ఇంకా గరగరలాడుతోంది. చుక్కాని లేదు. ఎక్కడికి పోయిందంటే, ఎవరో అడిగితే ఇచ్చామన్నారు. బోల్తా పడితే పడవను తేల్చే గాలి సంచులు మూడింట్లో ఒకటే గాలి నిలుపుతోంది. ట్రాలీ లేదు.

మొదట 25 అన్నాయన, మెత్తటి చోటు చూపించాక 18కి వచ్చాడు.

ఎనుమాముల_కాంటా
ఎలుకలు అద్దె కట్టాయా? ఆ బాకీ కూడా తగ్గించుకో.

మాజీ_నేవీ_హన్మకొండ
చదివితే భయపడేలా ఉంది కానీ ఇది మంచి వార్తే. చుక్కాని పోయిన పడవలు చాలా ఉంటాయి, మెరైన్ ప్లై మీద గీసి కోయించుకోవచ్చు, హింజ్‌లు మాత్రం స్టెయిన్‌లెస్ వేయించండి. ఆ వైరు ఒక్కటే కాదు, మొత్తం సెట్టు మార్చండి, ఒకటి అలసిపోయిందంటే మిగతావీ అదే వయసువి. మెత్తటి చోటు డెక్కు కింద ఉంది కాబట్టి కోసి అతుకు వేయొచ్చు.

నన్ను ఆలోచింపజేస్తున్నది సెంటర్‌బోర్డు పెట్టె. అది కారితే పడవ మొత్తం కారినట్టే. పగులు పైపైన పూత పూసి మూస్తే మళ్లీ తెరుచుకుంటుంది. రెండు పక్కలా గీకి, బాగా ఎండబెట్టి, ఎపాక్సీ దింపి, పైన గాజుబట్ట వేయాలి. రామప్ప గారూ, మీరు చూస్తారా?

రామప్ప_రంపం
చూస్తా. పడవ మా షెడ్డుకు రావాలి. కూలీ మీరే అనుకోండి, సామాను మాత్రం నేను చెప్పిందే తేవాలి, మట్టెవాడ డబ్బాలు వద్దు.

ఫైబర్_మట్టెవాడ
గాజుబట్ట ఎక్కడ కొంటావో చూస్తా. మా దగ్గరే కదా.

రామప్ప_రంపం
బట్ట కొంటా, డబ్బా కొనను.

మానేరు_ఒడ్డు
లేజర్ ఓడిపోయిందన్నమాట, సరే. రెండో మనిషి లేని ఆదివారాల్లో నేనున్నాను, అలా అయినా ఎంటర్‌ప్రైజ్ ఎలా నడుస్తుందో చూస్తా. కొనేముందు తెల్లకాగితం మీదైనా సరే అమ్మినట్టు రాయించుకో, సెయిల్ నంబరు వేయించుకో. పాత క్లబ్బుల షెడ్లలో పడవ ఎవరిదో ఎవరికీ తెలియకుండా అమ్మేవాళ్లుంటారు, నాలుగేళ్లకు అసలు ఓనరు వస్తాడు.

వడ్డేపల్లి_గాలి
ఆ కాగితం అడిగాను, వాళ్లు కొన్నప్పటి రసీదు కూడా వెతికి ఇస్తామన్నారు, ఎలుకలు వదిలితే.

లెక్క వేసుకున్నా. పడవ 18, రవాణా 6, చెక్క రిపేరు 12, చుక్కాని 4, గాలి సంచులు 6, వైర్లు, తాళ్లు, కప్పీలు కలిపి 6, లైఫ్ జాకెట్లు 5, పైన కవరు 3. మొత్తం 60 వేలు. పది మిగిలింది. ట్రాలీకి స్కూటర్ చక్రాలతో వెల్డింగ్ చేయించుకుంటా. నీటిపారుదల ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాను, సైటు చూసి చెబుతామన్నారు. కాగితం వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వనని అమ్మేవాళ్లకూ చెప్పాను, ఒప్పుకున్నారు. ఏళ్లుగా ఎవరూ అడగని పడవకు ఇంకో నెల ఎక్కువా ఏంటి.

మంచిర్యాల_అమ్మ
ఆ పదివేలు మీ ఆవిడకు చూపించకండి, మిగిలిందని తీసేసుకుంటుంది. ఒక బకెట్ కొని తాడుతో పడవకు కట్టండి. బోల్తా పడి లేస్తే పాత ఎంటర్‌ప్రైజ్ నిండా నీళ్లతోనే లేస్తుంది.

చెరువుకట్ట
మానేరు దిక్కు మా చుట్టాలున్నారు, అక్కడి సంఘంలో. నంబరు పర్సనల్ మెసేజ్ పెడతా. పొద్దున ఎనిమిది దాటాక దించుకోండి, అప్పటికి వలలు తీసేస్తారు.

మాజీ_నేవీ_హన్మకొండ
ఒకటి రాయడం మర్చిపోయారు అందరూ. మాస్టు నిలబెట్టాక పడవను ట్రాలీ మీద తోయకండి. కట్టల మీద, పొలాల పక్కన 11 కేవీ తీగలు వేలాడుతుంటాయి, మాస్టు అల్యూమినియం. నీళ్ల అంచున, పైన ఏమీ లేదని చూసుకున్నాకే నిలబెట్టాలి.

వడ్డేపల్లి_గాలి
రాసుకున్నాను సార్. రవాణాకు హైదరాబాద్ నుంచి వరంగల్ వచ్చే రిటర్న్ లోడు డీసీఎం మాట్లాడుతున్నా, 17 అడుగుల బాడీ అట. పడవ పడుతుంది, మాస్టు పడుతుందా?

మాజీ_నేవీ_హన్మకొండ
మాస్టు సుమారు 20 అడుగులు, వెనక బయటికి వస్తుంది. కింద రెండు చోట్ల పాత టైర్లు వేసి, మధ్యలో ఊగకుండా కట్టించండి. కొసకు ఎర్రగుడ్డ. పగలే రండి.

ఎనుమాముల_కాంటా
ఎర్రగుడ్డ ఎందుకు సార్, ఆ నీలం తెరచాప ఉంది కదా.

మాజీ_నేవీ_హన్మకొండ
ఎర్రగుడ్డే.